మొటిమల ముఖానికే మీ ఓటు

ముందే చెప్పేస్తున్నాను: ఆడదానికి మొటిమను మించిన వరం లేదు! అందులోనూ చర్మం పొడిబారి, చెయ్యి తగిలితే కందిపోయే రకమై, దాని మీద మళ్లీ మొటిమలు కూడా ఉన్నాయనుకోండి, ఆవిడ జన్మ ధన్యం. పది జన్మల పుణ్యం ఉంటే తప్ప ఈ మూడూ ఒకే ముఖానికి దక్కవు.

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. నా వయసు ముప్పై నాలుగు. ఈ వయసులో మొటిమలేమిటని అడుగుతారా? అద్దం ముందు నిలబడి నేనూ అదే అడిగాను. సమాధానంగా మర్నాటికి ఇంకో రెండు లేచాయి.

మా ఊరు సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారిలో ఉంది. పేరు చెప్పను. చెబితే రేపు నేను బజారులో నడవలేను. ఆ ఊళ్లో పైగడ్డ అని ఎత్తు మీద ఓ వాడ ఉంది. అరవై రెండు ఇళ్లు. కింది వాడలకు ట్యాంకు నీళ్లు వస్తాయి, మా గడ్డ ఎక్కవు. మాకు దిక్కు ఉప్పు బోరే. దాంట్లోంచి వచ్చేవాటిని నీళ్లని మేం ముద్దుగా అంటాం గానీ, వాటిలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, బకెట్‌కు తెల్లటి పెచ్చు కడుతుంది.

నాలుగేళ్లుగా ఈ సంగతి పత్రికలో రాస్తూ వచ్చాను. మెచ్చుకుంటూ ఉత్తరాలొచ్చాయి, పైపులైను మాత్రం రాలేదు. ఒళ్లు మండి మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబరుగా నామినేషన్ వేశాను. నా గుర్తు కుండ. నా మీద పోటీ మా వాడ పాండు, గుర్తు ఈల. మనిషి మంచివాడే. ఆయనా పైపులైను తెస్తాననే అన్నాడు. కాకపోతే గత రెండుసార్లూ మెంబరు ఆయనే, గత రెండుసార్లూ అదే అన్నాడు!

నేను గెలిస్తే మా గడ్డకు మంచినీళ్లు. ఓడితే ఇంకో ఐదేళ్లు ఉప్పు బోరు. ఇదీ నా లెక్క.

మూడు నిమిషాల ప్రసంగం తయారుచేసుకుని, మొదటి ఇంటికి వెళ్లాను. ముత్తమ్మ ఇల్లు. మా వాడలో పెద్ద ముసలావిడ, ఆవిడ ఒక్క మాటంటే ఎనిమిది ఓట్లు కదులుతాయి. దండం పెట్టి, "పెద్దమ్మా, మన నీళ్ల గురించి..." అన్నానో లేదో, ఆవిడ నా గదుమ పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"నీళ్ల సంగతి తర్వాత గానీ బిడ్డా, మొఖానికి గిదేందే? గిట్లయితే ఎట్ల? పొద్దుగాల లేసి, పళ్లు తోమకముందే, నోట్ల ఎంగిలి తీసి మొటిమల మీద రాయ్యి. పది దినాలల్ల ఖతం అయితయ్. నేను జెప్తున్న సూడు!"

పాఠకులారా, ఒక్క నిమిషం ఆలోచించండి. అభ్యర్థి వాకిట్లో నిలబడి దండం పెడితే ఎవరైనా ఏం చేస్తారు? "సరే తియ్, ఏస్తం పో" అని తలుపు దగ్గరికేస్తారు. పాండుకు అన్ని ఇళ్లలోనూ జరిగింది అదే. మరి నాకు? మంచం వాల్చారు! చాయ్ పెట్టారు! ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి నా ముఖాన్ని జిల్లా మ్యాపులా పరిశీలించారు. ఏ మొటిమ ఎప్పుడు లేచిందో, ఏది మచ్చయ్యేలా ఉందో చర్చ పెట్టారు. ఇంతటి ప్రజాదరణ ఏ నాయకుడికైనా ఉందా?

ఇక చిట్కాలంటారా, అన్నీ సహజమైనవే, అన్నీ వంటింట్లోవే, పైసా ఖర్చు లేనివే! రెండో ఇంట్లో నిమ్మరసం. మూడో ఇంట్లో శనగపిండి, పసుపు. నాలుగో ఇంట్లో టూత్‌పేస్టు. అది ఏ చెట్టుకు కాస్తుందని మాత్రం అడగొద్దు. ఐదో ఇంటాయన వేపాకు నూరి పెట్టమన్నాడు. ఆయన భార్య, "వేపాకు ఏం పని జేస్తది, నీ మొఖం!" అంది. ఇద్దరూ తగువుపడ్డారు. రాజీ కుదర్చడానికి నాకు అరగంట పట్టింది, ప్రసంగం మళ్లీ సంచిలోనే ఉండిపోయింది.

చిట్కా చెప్పినవాళ్లు ఊరుకుంటారా? మర్నాడు బోరు దగ్గర పట్టుకుని, "రాసినవా?" అని అడుగుతారు. రాయలేదంటే ఓటు పోయినట్టే! ఓటరు దేవుడంటారు కదా. దేవుడు నిమ్మకాయ రుద్దమంటే రుద్దాలి మరి. రుద్దాను. అంతే, పట్టపగలు చుక్కలు కనిపించాయి. పొడిబారిన చర్మం మీద నిమ్మరసం పడితే ఎలా ఉంటుందో వివరించడానికి పత్రికలో రాయదగ్గ మాటలు నా దగ్గర లేవు.

శనగపిండి పెట్టిన రోజు ముఖం ఎంతగా గుంజుకుపోయిందంటే, పెదాలు సాగలేదు. అభ్యర్థి నవ్వకపోతే ఎలా? "గెలవకముందే గింత గర్వమా ఈ పిల్లకు!" అని ఆ వీధిలో మూడు ఓట్లు అటు జరిగాయి. టూత్‌పేస్టు పెట్టుకున్న రోజు కడుక్కోవడం మరిచి ప్రచారానికి వెళ్లాను. ముఖాన తెల్ల చుక్కలు చూసి, ఇది కొత్త పార్టీ గుర్తేమో అనుకున్నారు.

మా అత్త అంజమ్మ నా ఎన్నికల సలహాదారు. ఆవిడ లెక్క వేరు. "తోలు ఎండిపోయిందే నీది. మీగడ రాయ్యి" అంది. రాశాను. తోలు మెత్తబడింది, నిజమే. ఆ మెత్తదనం చూసి మొటిమలు చుట్టాలను కూడా పిలుచుకున్నాయి. ఎండగడితే చర్మం పగులుతుంది, తడిపితే మొటిమ పొంగుతుంది. నా ముఖం మీద ఇలా రెండు పార్టీలు ఉండగా బయట నేను ఇంకో ఎన్నికలో నిలబడ్డాను!

మా ఆయన జితేందర్ మిర్యాలగూడలో రైస్ మిల్లులో పని చేస్తాడు, శనివారం ఇంటికొస్తాడు. అందరూ తలో చిట్కా చెబితే కట్టుకున్నవాడు ఊరుకుంటాడా? సంచెడు తవుడు తెచ్చాడు.

"బర్రె రోజూ తింటది. దాని తోలు ఎట్ల నిగనిగలాడుతదో సూస్తలేవా?" అన్నాడు.

"నేను తినాల్నా, రాసుకోవాల్నా?"

"ఏదో ఒకటి జెయ్యి. నాకు పరేషాన్ అయితుంది నిన్ను సూస్తుంటే."

రుద్దుకున్నాను. ఎండుమిర్చి రంగు తేలాను. పక్కన బర్రె మాత్రం నిజంగానే నిగనిగలాడుతోంది.

ఇది కాదని కోదాడ వెళ్లి, నాతో డిగ్రీ చదివిన సంగీత బ్యూటీ పార్లర్‌కు పోయాను. "ఏంటే సుమలతా, ఇలా పాడు చేసుకున్నావ్? నీది డ్రై, సెన్సిటివ్ స్కిన్ కదా! నాటు వైద్యాలు చెయ్యకూడదు. ఇదిగో, రైస్ బ్రాన్ మాస్క్, ప్యూర్ నేచురల్" అంటూ ఓ బుల్లి డబ్బా మూత తీసింది. వాసన చూశాను. తవుడు! మా మిర్యాలగూడ తవుడే, కాస్త రోజ్‌వాటర్ చల్లుకుని డబ్బాలో కూర్చుంది. మా బర్రె అపాయింట్‌మెంట్ లేకుండానే రోజుకు రెండుసార్లు ఈ ఫేషియల్ చేయించుకుంటోందని చెబితే సంగీత నొచ్చుకుంది.

పోలింగ్‌కు పది రోజులుందనగా నా ముఖం ఉల్లిగడ్డ పొట్టులా లేవడం మొదలుపెట్టింది. నీళ్లు తగిలితే మంట, గాలి తగిలితే మంట. చున్నీ కప్పుకుని ఇంట్లో కూర్చున్నాను. బయట ఈల మోగుతూనే ఉంది. నిజం చెబుతున్నాను, ఆ రెండు రోజులూ నాకు ఏడుపు ఆగలేదు. ముఖం పోయినందుకు కాదు. ఇరవై ఇళ్లు తిరిగి కూడా నీళ్లనే మాట పూర్తిగా ఒక్కసారీ పలకలేకపోయినందుకు.

అప్పుడు మా అత్తే నన్ను ఆటో ఎక్కించి సూర్యాపేటలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ చూసి, "మీ ఊరంతా కలిసి ఈ మొఖం మీద ప్రయోగం జేసిండ్రా ఏంది?" అంది. తరువాత చిన్న చీటీ రాసిచ్చింది. నిమ్మ, పసుపు, పేస్టు, తవుడు, అన్నీ బంద్. రుద్దొద్దు, గిల్లొద్దు. ఘాటు సబ్బు వద్దు. కడిగాక తడి ఆరకముందే వాసన లేని పల్చటి క్రీము కాస్త. ఓపిక పట్టాలి. అంతే! చీటీ అటూ ఇటూ తిప్పి చూశాను, ఇంకేం లేదు.

"ఏ నీళ్లతోటి కడుగుతున్నవమ్మా?" అని చివర్లో అడిగింది.

"బోరు నీళ్లు. ఉప్పగుంటయ్."

"అందుకే తోలు గిట్ల ఎండుకపోతుంది. ఆ నీళ్లు మార్చకుంటే నేనేం రాసినా పని తక్కువే జేస్తది."

ఆటోలో తిరిగొస్తూ మా అత్త తన అరచేతులు చూసుకుంది. నేనూ చూశాను. పగుళ్లు. ముత్తమ్మ కాళ్లు గుర్తొచ్చాయి. స్నానం చేయించగానే గీక్కుంటూ ఏడ్చే పిల్లలు గుర్తొచ్చారు. ఓసి నా తెలివి తగలెయ్య! ప్రసంగం సంచిలో ఎందుకు, ముఖం మీదే ఉండగా?

మర్నాడు చున్నీ తీసేసి బయల్దేరాను. పొట్టు లేచిన ముఖంతోనే. ముత్తమ్మ వాకిట్లోనే నిలదీసింది, "ఎంగిలి రాసినవా లేదా?" అని.

"రాస్త పెద్దమ్మా. రాసినంక కడుక్కోవాలె గదా, నీళ్లేవి?" అన్నాను.

"బోరు కాడ లేవా?"

"డాక్టరమ్మ గా నీళ్లే వద్దన్నది. మొఖం ఎండిపోయింది గా నీళ్లకేనట. నీ కాళ్లు సూపియ్యి ఓసారి."

ముత్తమ్మ తన మడమలు చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. "నలభై ఏండ్ల సంది పగుల్తనే ఉన్నయ్ బిడ్డా" అంది. ఆ తర్వాత ఆవిడే నా చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకెళ్లింది. ప్రతి ఇంట్లోనూ ఇదే వరస. వాళ్లు చిట్కా చెప్పడం, నేను నీళ్లేవని అడగడం. నిమ్మకాయకూ నీళ్లు కావాలి, శనగపిండికీ నీళ్లు కావాలి!

తొమ్మిది ఓట్లతో గెలిచాను. ఇప్పుడు చెప్పండి, మొటిమ వరమా కాదా? నున్నటి ముఖం వేసుకుని వెళ్లుంటే నన్ను గడప లోపలికి ఎవరు రానిచ్చేవారు?

గెలిచిన వారానికే అరవై రెండు ఇళ్ల సంతకాలతో అర్జీ రాసుకుని, పైపులైను మంజూరు చేసే ఆఫీసుకు బయల్దేరాను. ఏ ఆఫీసో చెప్పను, ఇంకా పని కావాలి. బస్టాండులో పాండు కలిశాడు.

"నేను గూడ వస్త సెల్లె. ఓడితే ఓడిన గానీ, గా నీళ్లతోనే గదా నేను గూడ తానం జేసేది" అన్నాడు. మంచివాడని ముందే చెప్పాను కదా.

ఆఫీసరు మర్యాదస్తుడు. ఇద్దరినీ కూర్చోమన్నాడు. అర్జీ అందుకున్నాడు. చదవలేదు. నా ముఖం వంక జాలిగా చూశాడు.

"మేడం, ఏమనుకోకుండ్రి. ఫేస్‌కు ఏం వాడుతున్నరు? మా మిసెస్‌కు గూడ గిట్లనే ఉండె. మస్తు ఈజీ మేడం, రూపాయి ఖర్చు లేదు. రోజుకు రెండుసార్లు మంచినీళ్లతోటి మొఖం కడుక్కోండ్రి. గంతే!"

ఆయన చేతిలో ఉన్న కాగితంలో నేను అడిగింది ఆ మంచినీళ్లనే! ఆయన ఆ కాగితంతో కాసేపు విసురుకుని, పాండు వైపు కుర్చీ తిప్పాడు.

"చెప్పన్నా, పైపులైను ఏడిదాక రావాలె? ఎన్ని ఇండ్లున్నయ్?"

"నన్నడుగుతరేంది సార్? గెలిచింది ఆమెనే. మెంబరు ఆమెనే" అన్నాడు పాండు, ఇబ్బందిగా నా వైపు తిరిగి.

అప్పుడు చూశాను. ట్యూబ్‌లైటు వెలుతురులో, పాండు ముఖం మొదటిసారి సరిగ్గా చూశాను. నుదుటి మీద ఐదు. బుగ్గకు నాలుగు. మీసం అంచున ఒకటి, పండి పగలడానికి సిద్ధంగా. గదుమంతా పొడిబారి పొట్టు లేస్తోంది. అదే బోరు, అవే నీళ్లు, నాకన్నా మూడు ఎక్కువే ఉన్నాయి!

ఇరవై రోజులు అవే గల్లీల్లో ఎదురెదురుగా తిరిగాం. ఏ ఇంట్లోనూ ఒక్కరంటే ఒక్కరు ఆయన గదుమ పట్టుకుని వెలుతురుకు తిప్పలేదు. ఎంగిలి లేదు, నిమ్మకాయ లేదు, తవుడు లేదు. ముత్తమ్మ చూడలేదు, మా అత్త చూడలేదు. సిగ్గుతో ఒప్పుకుంటున్నాను, నేనూ చూడలేదు. ఆయన కనిపించిన ప్రతిసారీ నేనడిగింది ఒక్కటే: "ఏం పాండన్నా, నీళ్ల గురించి ఏం జేస్తవ్?"

నాకు మండింది. ఈసారి చర్మం కాదు.

"అరవై రెండు ఇండ్లు సార్. ట్యాంకు కాడికెల్లి పైగడ్డ దాక రావాలె. మీ చేతుల ఉన్న కాయితంల అంతా ఉంది, జర సదువుండ్రి" అన్నాను. చదివాడు. చదివి, "చూద్దాం" అన్నాడు, పాండుతో.

కాబట్టి అక్కలారా, చెల్లెళ్లారా! పొడి చర్మానికీ, సున్నితమైన చర్మానికీ, వాటి మీది మొటిమలకూ కలిపి నేనొక మందు కనిపెట్టాను. పూర్తిగా సహజం, పైసా ఖర్చు లేదు, మంటా దురదా ఉండవు, ఊరు ఊరంతా కళ్లతో చూసి నిర్ధారించినది. మగవాడిగా పుట్టండి. మొటిమలు అలాగే ఉంటాయి గానీ, ఒక్కటి కూడా ఎవరికీ కనిపించదు.