బయటి నుంచి తెచ్చిన నీరు

వల్పరైసో నగరంలో, సాన్ ఎలాదియో కొండ మీద, మే నెల రెండో మంగళవారం మధ్యాహ్నం దోన్యా సునిల్దా అస్తోర్గా ఇల్లు నిబంధనల ప్రకారం ఇరవై నిమిషాలు తగలబడింది. ఆ తర్వాత అగ్నిమాపక దళం వారి అత్యుత్సాహం వల్ల నిబంధనలకు విరుద్ధంగా తడిసింది. జరిగిన అనర్థాలన్నిటికీ మూలం తడవడమే గాని తగలబడడం కాదని బీమా కంపెనీ వారు మొదట్నుంచీ చెబుతూనే ఉన్నారు.

దోన్యా అంటే అక్కడ అమ్మగారు, దోన్ అంటే అయ్యగారు. సునిల్దాకి యాభై ఏడేళ్ళు. ఒంటి మనిషి. కింద కుట్టుగది, పైన వంటగది, పడకగది. గోడలు మట్టీ కర్రా, పైన రేకులు. ఆ కొండ మీద అన్ని ఇళ్ళూ అంతే. అక్కడ మే అంటే చలికాలం మొదలు. ఆ రోజు పైన కిరోసిన్ హీటరు పక్కన ఆరేసిన గుడ్డ జారి దాని మీద పడింది. కింద మిషను ముందు కూర్చున్న సునిల్దాకి పొగ వాసన తగిలేసరికి వంటగది అంటుకుంది.

అగ్నిమాపక దళం ఆరు నిమిషాల్లో వచ్చింది. చిలీలో ఈ పని చేసేవాళ్ళందరూ స్వచ్ఛంద సేవకులే. జీతాలుండవు, కవాతులుంటాయి. ఆ దళం వార్షికోత్సవ కవాతుకి ముప్ఫై రెండు నీలం కోట్లు, బంగారు జరీ అంచులతో సహా, సరిగ్గా ఆ ఇంట్లోనే కుట్టుపనిలో ఉన్నాయి. కాబట్టి దళం ముందుగా ముప్ఫై రెండు కోట్లనూ హ్యాంగర్లతో సహా, నలగకుండా, వరసగా బయటికి మోసింది. ఆ తర్వాత గొట్టాలు విప్పింది. మంట వంటగదిని, పైకప్పులో సగాన్ని తిన్నది. మిగిలిన ఇల్లంతా నీళ్ళపాలైంది. పై అంతస్తు పలకల సందుల్లోంచి కారిన నీళ్ళకి కింద మట్టిగోడలు ఉబ్బి పూరీల్లా పొంగాయి.

నష్టం అంచనా వెయ్యడానికి కంపెనీ దోన్ నోల్బెర్తో అరెల్లానోని పంపింది. ఇంతకంటే గౌరవం ఏ ఇంటికీ దక్కదు. పంతొమ్మిదేళ్ళుగా ఆయన ఆ నగరంలో కాలినవాటికీ, నానినవాటికీ వెల కడుతున్నాడు. ఒక్కసారి కూడా నష్టాన్ని పూర్తిగా చూసిన పాపాన పోలేదు. ఆయన అంచనా కాగితంలో మూడు గడులుంటాయి: నిప్పు, నీరు, వయసు. కాలిన దూలాన్ని గోటితో గీకి, కాలకముందే అది ఎంత పుచ్చిందో చెప్పగల దిట్ట. ఆయన పని ముగించేసరికి, ఇంత పాత ఇంటిని పాపం నిప్పుకి అంటగట్టామే అని ఇంటివాళ్ళే సిగ్గుపడేవారు.

ఆయన వచ్చిన రోజు సునిల్దాకి సాక్ష్యంగా ఉంటానని దళం కెప్టెన్ బల్దొమేరో కూడా వచ్చాడు. చేపల దుకాణం మనిషి. గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. అంతటి మనిషి మనకి సాక్ష్యానికి రాకుండా చూసుకోవాలని ఆ కొండ మీద అప్పటికింకా ఎవరికీ తెలియదు.

"నీళ్ళు సుమారుగా ఎన్ని పోసుంటారు కెప్టెన్ గారూ?" అని అడిగాడు నోల్బెర్తో, ఏమీ ఎరగనట్టు.

"తొమ్మిది వేల లీటర్లండీ!" అన్నాడు కెప్టెన్ ఛాతీ విరుచుకుని. "పోయినేడు గోదాం తగలబడితే దానికే ఏడు వేలు పోశాం."

సునిల్దా అతని కాలు తొక్కింది. "అంత ఉండదులే బల్దొమేరో. ఏదో కాస్త చిలకరించారు."

"చిలకరించడమేంటక్కా! రెండు గొట్టాలు పెట్టాం. మంట ఆరిపోయాక కూడా పావుగంట పోశాం. నీ మీద గౌరవం కొద్దీ!"

నోల్బెర్తో 'గౌరవం కొద్దీ' అని రాసుకుని కింద గీత గీశాడు. "ఆ నీళ్ళు ఎక్కణ్ణించి తెచ్చారు?"

"ఇంకెక్కణ్ణించి? మెట్ల కింద వీధి కుళాయి నించి."

"అంటే బయటి నుంచి."

"లోపలి నించి ఎలా తెస్తామండీ?"

"అదే రాసుకుంటున్నాను."

కాగితాలు మడిచి నోల్బెర్తో మర్యాదగా వివరించాడు. పాలసీ పద్నాలుగో పేజీ ప్రకారం ఇంటి లోపలి గొట్టం పగిలి వచ్చిన నీటికి పరిహారం ఉంది. బయటి నుంచి తెచ్చిన నీటికి లేదు. వంటగదిది నిప్పు నష్టం, అందులో అరవై శాతం వయసు కింద కోత. మిగతా ఇల్లంతా బయటి నీరు. వెరసి వచ్చే సొమ్ము ఒక తలుపుకి సరిపోతుంది, బిగించే కూలి కాకుండా.

సునిల్దా చేతిలోని తడిగుడ్డని గట్టిగా పిండింది. "అయితే ఏం చెయ్యాల్సింది నేను? మంట చూస్తూ కూర్చోవాల్సిందా?"

"ఏం చెయ్యాలో చెప్పడం మా పరిధిలో లేదు దోన్యా సునిల్దా. ఇల్లు మొత్తం కాలిపోయుంటే మాత్రం కాగితాలు చాలా తేలికయ్యేవి."

"అయ్యో, ముందే చెప్పకపోయావా బాబూ! నీ కాగితాల కోసం ఇంకో గంట ఓపిక పట్టేదాన్ని కదా!"

ఈ మాట సాయంత్రానికల్లా కొండంతా పాకింది. పౌరులు చైతన్యవంతులయ్యారు. ఇకమీదట గొట్టం విప్పే ముందు దళం వారు ఇంటి యజమాని పాలసీ చదివి, నీటికి లిఖితపూర్వక అంగీకారం తీసుకోవాలని కాలనీ సంఘం తీర్మానించింది. వారం తిరక్కుండానే రొట్టెల బట్టీ దగ్గర పొగ లేచింది. కెప్టెన్ బల్దొమేరో తీర్మానాన్ని శిరసావహించి, కళ్ళద్దాలు పెట్టుకుని, గుమ్మంలో నిలబడి పాలసీ మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఆయన మూడో పేజీకి వచ్చేసరికి బట్టీవాడి భార్య విసిగి, పొయ్యి మీది సూపు గిన్నె ఎత్తి మంట మీద గుమ్మరించింది. మంట ఆరింది. ఇంట్లో కాచిన సూపు లోపలి నీటి కిందికి వస్తుందా రాదా అన్నది కంపెనీ న్యాయ విభాగం ఇప్పటికీ పరిశీలిస్తోంది. గిన్నెలో బంగాళాదుంపలు ఎన్ని, నీరెంత అని వారు రెండు లేఖలు రాశారు.

జూన్ మొదటి వారంలో ఉత్తరపు గాలి తిరిగింది. వల్పరైసోలో ఆ గాలి తిరిగిందంటే వాన కొండెక్కి వస్తోందని అర్థం. ఆ వానలోనే నోల్బెర్తో అంచనా కాగితం మీద సంతకం కోసం మళ్ళీ ఆ మెట్లు ఎక్కాడు.

సునిల్దా కుట్టుగదిలో ప్లాస్టిక్ పట్టా కింద కూర్చుని కోటుకి జరీ కుడుతోంది. పట్టా ఒక మూల చిరిగి నీళ్ళు బొట్లు బొట్లుగా మిషను మీద పడుతున్నాయి. మంచం కూడా అక్కడే ఉంది. ఉబ్బిన గోడ నుంచి జానెడు దూరం జరిపి వేసింది. "రావయ్యా, కూర్చో. టీ తాగు. పైనించి ఎలాగూ నీళ్ళు పడుతున్నాయి, కప్పు నిండుగా పొయ్యక్కర్లేదు," అంది.

నోల్బెర్తో కాగితం తీశాడు. ఆమె చదవలేదు. గోడకి వేలాడుతున్న, బట్టలు కత్తిరించే ముందు గీసుకునే గోధుమరంగు కాగితం చూపించింది. "నేనూ ఓ అంచనా వేశా. గోడల ధరలు నాకు తెలీవు గానీ, కొలతలు పట్టడం తెలుసు."

నోల్బెర్తో నిలబడి చదివాడు. సుద్దతో, అంగుళాలతో సహా, గది గదికీ రాసి ఉంది. పైకప్పు, పన్నెండు రేకులు, అందులో మూడు ముందే తుప్పు పట్టాయి, వదిలెయ్యాలి. వెనక తలుపు, కాలింది గానీ గొళ్ళెం ఎప్పుడో విరిగింది, గొళ్ళెం రాయొద్దు. మెట్ల పక్క గోడ, నీళ్ళకి పొంగింది. పైనున్న పగులు మాత్రం భూకంపం నాటిది, అది లెక్కలో లేదు.

పంతొమ్మిదేళ్ళలో ఆయన అబద్ధపు పియానోలు చూశాడు. కాలిపోయాయని చెప్పిన వజ్రపుటుంగరాలు చూశాడు. ఏడుపులు, తిట్లు, ఒకసారి కుర్చీ విసరడం కూడా చూశాడు. వాటన్నిటికీ ఆయన దగ్గర గడులున్నాయి. ఈ కాగితానికి లేదు.

"ఈ పగులు ఎందుకు తీసేశారు?" అని అడిగాడు. "నాకు తెలిసేది కాదు."

"నాకు తెలుసుగా," అంది సునిల్దా దారం కొరుకుతూ.

నోల్బెర్తోకి ఆ వరస మూడుసార్లు చదవాల్సి వచ్చింది. వృత్తి ధర్మంగా దాన్ని వయసు కింద వేసుకున్నాడు. టీ చల్లారింది. అరగంట తర్వాత చూసుకుంటే తను మిషను మీదికి గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడు విప్పాడో గుర్తు లేదు. సంతకం తీసుకోకుండానే మెట్లు దిగిపోయాడు.

మర్నాడు ఆఫీసులో ఆయన కొత్త అంచనా రాశాడు. ఆమె కొలతలన్నీ అందులో ఎక్కించి, ధరలు తను వేసి, మొత్తం నిప్పు గడిలో పెట్టాడు. కింద ఒక వాక్యం రాశాడు: 'మంట రాకపోతే ఆ నీళ్ళు ఆ ఇంటికి వచ్చేవి కావు.' ఆయన సంతకం మొదటిసారి గీత దాటి పక్కకి పోయింది. భయంతోనూ కావచ్చు, ఆనందంతోనూ కావచ్చు. ఆయనకి రెండూ అలవాటు లేవు.

ఆ వాక్యం కంపెనీలో కలిగించిన నష్టం ఏ అంచనాకీ అందదు. ఒక గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివి సెలవు పెట్టాడు. రీజినల్ మేనేజరు దోన్ ఎదెల్మీరో అత్యవసర సమావేశం పిలిచి ప్రసంగించారు.

"మిత్రులారా! ఈ వాక్యంలో తర్కం ఉంది. నేను కాదనను. కాని ఈ భవనంలో తర్కానికి ప్రత్యేక విభాగం లేదు. ఈ రోజు మంట వెంట నీరు వచ్చిందంటారు. రేపు నీటి వెంట బూజు వచ్చిందంటారు. ఎల్లుండి బూజు వెంట దగ్గు వచ్చిందంటారు. చివరికి ఆ ఇళ్ళలో మనుషులు కూడా ఉంటారని రాస్తారు! అప్పుడు ఈ సంస్థని నమ్ముకున్న వాటాదారుల గతేమిటి?"

సభికుల్లో కొందరి కళ్ళు చెమర్చాయి. నోల్బెర్తో అంచనాని 'సాహిత్యం' అని వర్గీకరించి దస్త్రంలో దాచారు. పాత అంచనానే ఖాయం చేశారు. నోల్బెర్తోని వైద్య పరీక్షకి పంపితే, డాక్టరు గారు ఏ జబ్బూ లేదని తేల్చి, ఇది మరీ ప్రమాదకరమన్నారు. దాంతో ఆయన్ని సగౌరవంగా ఇంటికి పంపించారు. ఇత్తడి ఫలకం ఇచ్చారు. ముట్టజెప్పాల్సిన సొమ్ములో పంతొమ్మిదేళ్ళ వాడకం కింద వయసు మినహాయించుకున్నారు. ఆ మినహాయింపు పద్ధతి ఆయన రూపొందించిందే కాబట్టి తప్పు పట్టడానికి ఆయనకి ఏమీ దొరకలేదు.

సునిల్దా ఇంటి సంగతి దళం తన భుజాన వేసుకుంది. తొమ్మిది వేల లీటర్లని గొప్పలు పోయిన పాపానికి కెప్టెన్ బల్దొమేరో వారం రోజులు చేపల దుకాణం మూసి, చందాలకి ఇల్లిల్లూ తిరిగాడు. ఆదివారం దళం షెడ్డులో సాసేజి రొట్టెలు అమ్మారు. అవకాడో గుజ్జు పెట్టి, టమాటా వేసి, కొండ మొత్తం చేత తినిపించారు. కొందరు మూడేసి తిని కడుపునొప్పితో ధర్మం చేశారు. ఆ డబ్బుతో రేకులు, పలకలు కొన్నారు. తొమ్మిది రేకులే కొన్నారు. మిగతా మూడూ వద్దని సునిల్దా పట్టుబట్టింది. చివరికి ఆవిడ అటు తిరిగి ఉన్నప్పుడు కెప్టెన్ ఆ మూడూ కూడా కొనుక్కొచ్చి పైకెక్కించాడు.

నోల్బెర్తో కూడా వచ్చాడు, కొత్త సుత్తితో. మొదటి దెబ్బ మేకుకి తగిలింది, రెండోది బొటనవేలికి.

"ఏమయ్యా, పంతొమ్మిదేళ్ళు గోడలకి వెల కట్టావు, మేకు పట్టుకోడం రాదా?" అని కింద నించి అరిచింది సునిల్దా.

"మేకుల్ని ఎప్పుడూ కిలో లెక్కనే చూశానండీ. ఒక్కోటి ఇలా ఉంటుందని తెలీదు."

ఆవిడ గుడ్డపీలికతో ఆయన బొటనవేలికి కట్టు కట్టింది. చీకటి పడేలోపు కప్పు పూర్తయింది. సముద్రం వైపు కాస్త వాలిందన్న మాటే గాని, ఆ రాత్రి వానకి ఒక్క చుక్క లోపలికి రాలేదు. సునిల్దా తన మంచం మీద, తన పడకగదిలో, నెలన్నర తర్వాత తెల్లారేదాకా నిద్రపోయింది. కోట్లు సమయానికి అందాయి. కవాతు దివ్యంగా జరిగింది.

కంపెనీ వెనకబడలేదు. పది రోజుల్లో సునిల్దాకి లేఖ వచ్చింది. తాజా తనిఖీలో ఇల్లు నివాసయోగ్యంగా ఉన్నట్టు తేలినందున, నష్టం ఏదీ మిగల్లేదనీ, కాబట్టి ఆ తలుపు సొమ్ము కూడా అవసరం లేదనీ, దస్త్రాన్ని ఆనందంతో మూసివేస్తున్నామనీ అందులో ఉంది. పట్టాల మీద కొండెక్కే లిఫ్టు దగ్గర పెద్ద బోర్డు కూడా వెలిసింది. దాని మీద, కప్పు వేసిన రోజు ఎవరో తీసిన సునిల్దా కొత్త పైకప్పు ఫోటో, పక్కన కట్టు కట్టిన బొటనవేలు పైకెత్తి నవ్వుతున్న నోల్బెర్తో. కింద పెద్ద అక్షరాలు: 'మీ నెత్తిన నీడ, మా బాధ్యత.'

బోర్డు పెట్టిన నెలలోపు సాన్ ఎలాదియో కొండ మీద అరవై మూడు కుటుంబాలు కొత్తగా పాలసీ తీసుకున్నాయి. బట్టీవాడు అదనంగా ఇంకొకటి తీసుకున్నాడు. కెప్టెన్ బల్దొమేరో చేపల దుకాణానికి తీసుకున్నాడు. సునిల్దా తన పాలసీని ఇంకో అయిదేళ్ళకి పొడిగించుకుంది.

"అంతా చూసి కూడానా?" అని నోల్బెర్తో ఆశ్చర్యపోయాడు.

"ఏమోనయ్యా, అది ఇంట్లో లేకపోతే నిద్ర పట్టదు," అంది సునిల్దా. "కొత్త కాగితం బాగుంది. అక్షరాలే మరీ చీమల్లా ఉన్నాయి, చదవలేదు."

వల్పరైసో వాళ్ళ అమాయకత్వానికి నవ్వుకోదలచిన పాఠకులు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు. నవ్వడం అయ్యాక ఒక్కసారి లేచి, బీరువా తెరిచి, పట్టుచీరల అడుగున ఉన్న తమ పాలసీ కవరు తీసి, కంపెనీ వారు కొట్టిన పిన్ను ఇంకా ఊడకుండా భద్రంగా ఉందో లేదో చూసుకుని, మళ్ళీ అక్కడే పెట్టెయ్యగలరు.