పాలప్యాకెట్టు మూల మహాసంగ్రామము

నాలుగంతస్తుల శోభితమును, షోడశ కుటుంబ కలకల నినాదిత సోపానమార్గమును, ఆరు మాసములుగా మరమ్మతునకు నోచుకొనక మౌనవ్రతము పట్టిన లిఫ్టుచే విరాజితమును అగు ఒకానొక అపార్టుమెంటు మహాసౌధమున, మేడమీద, నీళ్ల ట్యాంకు నీడన, నీలవర్ణ దేహముతో, ద్విశత లీటర్ల గంభీరోదరముతో, పదునారు ఇండ్ల తడిచెత్తను నిత్యాహారముగా భుజించి మూడు మాసములకొకమారు నల్లని ఎరువును ప్రసాదించు డ్రమ్ము మహాశయునికి ముందుగా ఒక దండము పెట్టి ఈ కథ ప్రారంభించుచున్నాను. వినువారు ముక్కు మూసుకొననక్కరలేదు. బాగుగా పండిన ఎరువు కంపు కొట్టదు; కంపు మరియొక చోట నున్నది, అది ముందు తెలియును.

ఈ డ్రమ్మును ప్రతిష్ఠించినది హరిత సంఘము. ఆ సంఘమునకు అధ్యక్షుడు మూడవ అంతస్తు నివాసియగు రిటైర్డు లెక్చరరు. ఉపన్యాస ప్రచండ మార్తాండుడు, కరపత్ర కర్త, మైకు కంటబడిన మరుక్షణమే దాని మెడ పట్టుకొను ధీరుడు. ఎనిమిది మాసముల క్రిందట డ్రమ్ము ప్రారంభోత్సవమునకు ఆయన “ప్లాస్టిక్ భూతాన్ని తరిమికొడదాం” అని పన్నెండడుగుల ఫ్లెక్సీ కట్టించెను. ఆ ఫ్లెక్సీ దేనితో చేసినదని అడుగు సాహసి ఆనాటికి పుట్టలేదు. డ్రమ్ము నడుమునకు రిబ్బను కట్టిరి గాని, కోయుటకు కత్తెర మరచిరి. అప్పుడు రెండవ అంతస్తునుండి, నలుబది ఏండ్లు ఊరందరి బట్టలు కుట్టి అందరిచేత మిషనత్త అని పిలువబడు వృద్ధ వీరనారి, తన జిగ్‌జాగ్ కత్తెరను, అనగా పోగులూడకుండ గుడ్డ అంచును రంపపు పళ్లవలె కోయు ఆయుధమును, తెచ్చియిచ్చెను. రిబ్బను తెగెను, చప్పట్లు మ్రోగెను. కత్తెర తిరిగి రాలేదు.

ఆనాటినుండి సంఘమున మాట్లాడువారు పదునారుగురు, పనిచేయువారు ఇద్దరు. డ్రమ్మును కలియబెట్టి జల్లెడ పట్టునది మిషనత్త. గుమ్మము గుమ్మమునకు పోయి తడిచెత్త బకెట్లను రెండేసి చొప్పున మేడకు మోయునది మెట్లు ఊడ్చు బకెట్లక్క. లిఫ్టు పడకేసిన పిమ్మట దినమునకు ఎనిమిదిమార్లు పర్వతారోహణము చేయు ఈ మహాబలకు ఏ సభలోను ఎవరును కుర్చీ వేయలేదు.

ఇట్లుండగా శత్రువు ప్రవేశించెను. వాని దేహము గోరంత. ఆకారము త్రికోణము. పాలప్యాకెట్టు మూలను కత్తిరించి, పాలు గిన్నెలో వంపి, ఖాళీ ప్యాకెట్టును బుద్ధిగా పొడిచెత్తలో వేసి, ఆ తెగిన మూలను మాత్రము కూరగాయ తొక్కలలో జారవిడుచు అజ్ఞాత హస్తమొకటి ఆ సౌధమున నుండెను. ప్రతిదినము ఒక మూల. మూడు మాసములకు తొంబది. జల్లెడను తప్పించుకొన్న మూలలు కనబడగా, ఎరువు పట్టుకుపోయిన నర్సరీ యజమాని రెండు సంచులు వెనుకకు పంపెను.

అధ్యక్షుడు అత్యవసర సభ పిలిచి, కంఠమెత్తి గర్జించెను:

“మిత్రులారా, పుడమితల్లి గుండె బ్రద్దలగుచున్నది. ఈ పవిత్ర ఎరువున విషశకలములు చల్లు ద్రోహి పదహారు విద్యాధిక గృహములలో ఉండజాలడు. మెట్లమీది చెత్తను బకెట్లలో కలుపు అజ్ఞానమే దీనికి కారణము. వచ్చే ఆదివారం అందరి ఎదుటా జల్లెడ పట్టిద్దాం. ఒక్క ముక్క దొరికినా, ఒకటో తారీఖు నుంచి ఈ మనిషి వద్దు.”

పుడమితల్లితో మొదలైన వాక్ప్రవాహము ఊడ్చు మనిషిపై వచ్చి పడుట మన దేశకాలములలో అపూర్వమేమియు కాదు. విద్యాధికులందరు తలలూపిరి.

శనివారము మధ్యాహ్నము బకెట్లక్క మిషనత్త గుమ్మమున చతికిలబడెను.

“అత్తమ్మా, నేనెయ్యలేదు. మా ఇంట్లో ప్యాకెట్టు పాలే కొనం.”

“నాకు తెలుసమ్మా.”

“ఈ పని పోతే కష్టం. బిడ్డ బడి ఈ గోడ పక్కనే కాబట్టి, దాన్ని దింపి పనిలోకి వస్తున్నా. దూరంగా ఎక్కడో దొరికితే దాన్నెవరు దింపుతారు?”

మిషనత్త లేచి లోనికి పోయెను. ఇన్నాళ్లు తాను జల్లెడలో ఏరి గుండీల డబ్బాలో దాచిన మూలలను తీసి, ఒకదానిని కుళాయి క్రింద పట్టెను. మాసములుగా అంటియున్న మట్టి కరగిపోయెను. కళ్లజోడు తగిలించి చూచెను. తెగిన అంచు తిన్నగా లేదు. పన్ను విడిచి పన్ను, రంపమువలె నుండెను. అది చూచి ఆమె పెదవి కొసన చిన్న నవ్వు మొలచెను.

“రేపు చూద్దాంలే. నువ్వు జల్లెడ కడిగిపెట్టు,” అనెను.

ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు సేనలు మేడపై మోహరించెను. ప్లాస్టిక్ కుర్చీలు వరుసలు తీరెను. ప్లాస్టిక్ సీసాలలో నీళ్లు పంచబడెను. ఫ్లెక్సీ గాలికి ఫెళఫెళార్భాటము చేసెను. తీర్పరియై నర్సరీ యజమాని కూర్చుండగా, చీరకొంగు నడుమున బిగించి, ఇనుపజల్లెడ చక్రాయుధమును ఇరుచేతుల ధరించి, మోకాళ్ల నొప్పుల నొకింతసేపు లెక్కచేయక, మిషనత్త రణరంగమున దిగెను. జల్లెడ ఊగెను, ఎరువు కాటుకధారగా రాలెను. మొదటి దఫాలో గ్రుడ్డుపెంకుల పటాలము బయల్పడెను. రెండవ దఫాలో మొండి నిమ్మతొక్కలు ప్రతిఘటించి పరాజితములయ్యెను. మూడవ దఫాలో, అయ్యో, తళుక్కుమని ఒక త్రికోణము.

బకెట్లక్క కళ్లు మూసుకొనెను. అధ్యక్షుడు కళ్లు తెరచి, లేచి, చేయి చాచెను:

“చూచితిరా. నిజము నిప్పువలె బయటపడినది. ఇక దయకు తావు లేదు.”

మిషనత్త ఆ మూలను కొంగుతో తుడిచి, నెమ్మదిగా పలికెను.

“అన్నయ్యగారూ, డ్రమ్ము ఓపెనింగు రోజు రిబ్బను కోయడానికి నా జిగ్‌జాగ్ కత్తెర తీసుకున్నారు. ఎనిమిది నెలలైంది. మనవరాలి గౌను సగంలో ఆగింది. ఒకసారి తెప్పిస్తారా?”

“ఇప్పుడు కత్తెర గోలేమిటమ్మా, ఇంత పెద్ద విషయం నడుస్తుంటే.”

ఆయన ధర్మపత్ని, నిష్కపట శిరోమణి, వెనుక వరుసనుండి లేచెను.

“వంటింట్లోనే ఉంది వదినగారూ. పొద్దున్నే పాలప్యాకెట్టు ఈయనే కోస్తారు దాంతో. ఇంట్లో ఆయన చేసే పని అదొక్కటే. ఉండండి తెస్తాను.”

అధ్యక్షుడు ఆపబోయెను. అప్పటికే ఆమె మెట్లు దిగెను. కత్తెర వచ్చెను, దాని పండ్లసందున నేటి పాలచుక్క ఇంకను ఆరలేదు. మిషనత్త మూలను తీసి కత్తెర అంచున ఆనించెను. పంటికి పన్ను, సందుకు సందు, అతికినట్టు సరిపోయెను. నర్సరీ యజమాని తొంగిచూచి దగ్గు నటించెను. పదునారు విద్యాధిక కుటుంబములు ఒక్కుమ్మడిగా ఆకాశమును పరిశీలింప నారంభించెను.

అధ్యక్షుడు గొంతు సవరించుకొని, “దీనిపై ఒక విచారణ సంఘం...” అని మొదలుపెట్టెను.

బకెట్లక్క ముందుకు వచ్చెను. 

“అయ్యగారూ, ఒకటో తారీఖు నుంచి నేను రావాలా, వద్దా? అది చెప్పండి చాలు.”

అధ్యక్షుడు ఫ్లెక్సీ వైపు చూచెను. దానిమీద తన ముఖమే నవ్వుచుండెను.

“రా,” అనెను.

ఆయన జీవితమున అంతటి చిన్న ఉపన్యాసము మునుపెన్నడు చేయలేదు. అంతటి మంచిదియు చేయలేదు. సభ ముగిసెను. తాగి పారవేసిన నీళ్ల సీసాలు నలుబదిమూటిని ఏరినది బకెట్లక్కయే. కుర్చీలు సర్దుటకు ఒక్కరును ఆగలేదు. ఫ్లెక్సీని మాత్రము మిషనత్త విప్పించి, కత్తెరతో రెండుగా కోసి, వాన పడకుండ డ్రమ్మునకు కప్పు కుట్టెను.

మరునాడు సోమవారము ఉదయము బకెట్లక్క అధ్యక్షుని ఇంటి పొడిచెత్తను తెరచి, అందున్న పాలప్యాకెట్టును ఆయాసపడుచు మేడపైనున్న మిషనత్త వద్దకు తెచ్చెను.

“చూడు అత్తమ్మా, తెగలేదు.”

నిజమే. బుద్ధి వచ్చుటచేతనో, ఇంట కత్తెర లేకపోవుటచేతనో, మూలకు చిన్న గంటు మాత్రమే పడి, ఆ గోరంత త్రికోణము వెంట్రుకవాసి ఆధారమున ప్యాకెట్టును పట్టుకొని వ్రేలాడుచుండెను. దిక్కులారా వినుడు, సూర్యచంద్రులారా వ్రాసికొనుడు: భూగోళపు వేడి ఎంత తగ్గినదో శాస్త్రజ్ఞులే చెప్పవలెను గాని, ఆ సోమవారము ఆ సౌధమున ఒక మూల, తన ప్యాకెట్టును విడిచిపోలేదు.