కంచర గాడిద కేసూ, నా ఆత్మరక్షణా

ప్రతి మనిషి మీదా ఒక పాత కేసు ఉండి తీరాలి! ఏదో జరిమానా కట్టి బయటపడే కేసు కాదు, శిక్ష పడిన గట్టి కేసు. అది ఉన్నవాళ్లను చట్టం చచ్చేదాకా తుపాకీ ముట్టుకోనివ్వదు. ఇంతకంటే వరం ఏం కావాలి?

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

నా పేరు ఆర్డెల్. మిస్సోరీ కొండల్లో మా ఊరివాళ్లకు నా కేసు కంఠతా వచ్చు. పందొమ్మిదేళ్ల వయసులో, ఫుట్‌బాల్ పోటీకి రెండు రోజుల ముందు, పక్క ఊరి బడివాళ్లు తమ జట్టు అదృష్టచిహ్నంగా మైదానమంతా ఊరేగించే కంచర గాడిదను తోలుకొచ్చేశాను. మా పెరట్లో రెండు రోజులు యాపిల్ పళ్లు తిని అది కాస్త ఒళ్లు చేసింది కూడా. పోటీ అయ్యాక నేనే తీసుకెళ్లి అప్పగించాను. పశువుల దొంగతనం మా దగ్గర చిన్న నేరం కాదని జడ్జిగారు సెలవిచ్చారు. ఆ గాడిద చచ్చి పాతికేళ్లు దాటింది. కేసు మాత్రం నిక్షేపంలా ఉంది.

శిక్ష పూర్తయ్యాక నా ఓటు నాకు తిరిగి ఇచ్చారు. అంటే మా పోలీసుల పెద్ద షెరీఫ్ ఎవరో తేల్చేంత తెలివి నాకుందట. తలుపు వెనక తుపాకీ పెట్టుకునే తెలివి మాత్రం లేదట. పెద్దలు ఆలోచించకుండా చేస్తారా?

అసలు లాభాలు చూడండి! జింకల వేట మొదలయ్యే రోజు ఊరు ఊరంతా చలిలో చెట్లెక్కి కూర్చుంటుంది. నేను దుప్పటి కప్పుకుని పదింటిదాకా పడుకుంటాను. చర్చి విందులో మగవాళ్లు తుపాకీ గొట్టాల గురించి రెండు గంటలు ఊదరగొడతారు. నా దగ్గరికి ఒక్కడూ రాడు. పైగా ‘పాపం ఆర్డెల్’ అని జింక మాంసం మాత్రం తెచ్చి ఇస్తారు!

మరి దొంగలొస్తే? ఆ చింతా లేదు. చట్టం దయగలది. మందు కూరి పేల్చే పాతకాలపు తుపాకీ మా రాష్ట్రంలో నాలాంటివాళ్లు ఉంచుకోవచ్చు. అది లెక్కప్రకారం తుపాకీయే కాదు. తుపాకుల కొట్టు వెండెల్ ఒకటి నాకు చూపించాడు.

“ముందు మందు పొయ్యాలి ఆర్డెలమ్మా. తర్వాత గుడ్డపేలిక. దాని మీద గుండు. కడ్డీతో గట్టిగా దంచు. కింద నిప్పురవ్వ పుట్టించే చిన్న టోపీ తగిలించు. అంతే, పేల్చడమే!”

“ఎంతసేపు పడుతుందయ్యా?”

“అలవాటైతే నిమిషం. నువ్వు కళ్లజోడు వెతుక్కోవాలిగా, రెండు నిమిషాలనుకో.”

“వానొస్తే?”

“వానొస్తే పేలదు. ఆరేదాకా ఆగమను.”

ఎంత మర్యాదైన ఆయుధం! ఇంట్లో దూరినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, “ఒక్క రెండు నిమిషాలు ఓపిక పట్టు నాయనా” అనాలి. హడావుడి బతుకుల్లో మనుషులు ఇలా తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవడం ఈమధ్య ఎక్కడ చూశారు? ఆ తుపాకీని కొనుక్కొచ్చి పొయ్యి పైన మేకుకు తగిలించాను.

ఇలా నిశ్చింతగా ఉన్న నా ఇంటికి గత నెల మా అమ్మాయి రొవీనా రెండు సంచులతో వచ్చేసింది. మొగుడు రోడ్నీ దగ్గర్నుంచి. రెండేళ్ల కిందట దాని చెయ్యి విరిగినప్పుడు కాగితాల్లో ‘మెట్ల మీంచి జారిపడింది’ అని రాశారు. వాళ్లింటికి మెట్లే లేవు. అల్లుడి మీద కేసూ లేదు, మచ్చా లేదు. పదకొండు తుపాకులున్న పెద్దమనిషి! ‘ఈసారి దొరికితే చంపేస్తా’ అని ఫోన్లో చెప్పే అలవాటు ఒక్కటే ఉంది.

రొవీనా సంచిలో దాని సొంత పిస్తోలు ఉంది. చట్టప్రకారం దానికేం ఇబ్బంది లేదు, దాని చరిత్ర శుభ్రం. ఇబ్బంది నేను! నా చేతికి అందే చోట ఆ పిస్తోలు ఉంటే అది నాదే అంటారట. లాయరు చాలా తేలిగ్గా చెప్పాడు.

“పిస్తోలైనా ఉండాలి, మీరైనా ఉండాలి. ఇద్దరూ ఒకే ఇంట్లో వద్దమ్మా.”

“అమ్మా, పోనీ నేనే వేరే ఎక్కడికైనా పోతాలే” అంది రొవీనా.

“ఎక్కడికి పోతావే? వాడు అక్కడికి రాడా? నోరుమూసుకుని లోపలికి రా” అన్నాను.

పిస్తోలును మైలు దూరంలో ఉన్న స్నేహితురాలింట్లో దాచింది. మొగుడొస్తే గుమ్మంలో నిలబెట్టి, మైలు పరుగెత్తి తెచ్చుకుని, మైలు పరుగెత్తి రావాలి. వ్యాయామానికి వ్యాయామం!

అల్లుడు ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. మేము చర్చి నుంచి వచ్చి అన్నాలకు కూర్చున్నాం. గేటు బయట ట్రక్కు ఆపాడు, ఒళ్లో రైఫిల్ పెట్టుకున్నాడు.

“అత్తగారూ! దాన్ని బయటికి పంపండి, మాట్లాడాలి.”

“ఒళ్లో అదేంటి నాయనా?”

“ఇది నాది. ఇది ప్రభుత్వం రోడ్డు. మీ ఇంట్లో ఏముందో చెప్పండి, నేను ఒళ్లో ఏముందో చెబుతా.”

షెరీఫ్ ఆఫీసుకు ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి ఓపిగ్గా అడిగింది. “తుపాకీ గురిపెట్టాడా అండీ?”

“ఒళ్లో పెట్టుకున్నాడమ్మా.”

“ఒళ్లో పెట్టుకోవడం నేరం కాదండీ.”

యాభై నిమిషాలకు షెరీఫ్ కింద పనిచేసే డిప్యూటీ కాల్విన్ ఒక్కడే వచ్చాడు. చిన్నప్పుడు సండే స్కూల్లో నా దగ్గర చదువుకున్నవాడు. అప్పటికి అల్లుడు వెళ్లిపోయాడు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు ఉంది వరస. మా రొవీనా మంచం కింద నుంచి ఇంకా బయటికి రాలేదు. ముప్పై నాలుగేళ్ల పిల్ల, మంచం కింద! నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, కాల్విన్‌కు పీచ్ పండ్ల కేకు పెట్టాను.

అల్లుణ్ణి మా ఛాయలకు రానివ్వద్దని కోర్టుకు వెళ్లి అర్జీ పెట్టాం. విచారణ రెండు వారాల తర్వాత. అప్పటిదాకా ఆయన నిర్దోషి, ఆయన పదకొండు తుపాకులూ నిర్దోషులే.

గురువారం అల్లుడు తెలివైన పని చేశాడు. తనే షెరీఫ్ ఆఫీసుకు ఫోన్ చేసి, మా అత్త పాత నేరస్థురాలు, ఇంట్లో పిస్తోలు దాచింది అని చెప్పాడు. తొమ్మిది నిమిషాలు! నాలుగు బండ్లు! పిండి డబ్బాలో చెయ్యి పెట్టి చూశారు. పరుపు తిరగేశారు. పొయ్యి పైన ఉన్నదాన్ని దించి, వాసన చూసి, ‘ఇది తుపాకీ కాదులే’ అని మళ్లీ తగిలించారు.

“తప్పదు టీచరమ్మా. ఫిర్యాదొస్తే రావాలిగా” అన్నాడు కాల్విన్ తల దించుకుని.

“ఆదివారం నేను చేసింది ఫిర్యాదు కాదట్రా?”

“అది వేరు టీచరమ్మా. మీ మీద కేసుంది కదా!”

అప్పుడు నా బుర్రకు వెలుగొచ్చింది. ఇంత పెద్ద సౌకర్యం ఇన్నేళ్లు వాడుకోకుండా ఉన్నానేమిటి?

మొన్న ఆదివారం ట్రక్కు మళ్లీ గేటు దగ్గర ఆగింది. మళ్లీ ఒళ్లో రైఫిల్. నేను ఫోన్ తీశాను. “త్వరగా రండి! ఆర్డెల్ అనే పాత నేరస్థురాలి చేతిలో తుపాకీ ఉంది!”

“మీరెవరండీ?”

“ఆర్డెల్‌నే!”

ఎనిమిది నిమిషాల్లో అయిదు బండ్లొచ్చాయి. గేటు దారి ఇరుకు కదా, అల్లుడు మర్యాదగా ట్రక్కు పక్కకు తీసి దారిచ్చాడు. రైఫిల్ ఒళ్లో ఉన్నవాణ్ణి దాటుకుని, చిక్కుడుకాయల గిన్నె ఒళ్లో ఉన్న నన్ను చుట్టుముట్టారు. చేతులెత్తించారు, బేడీలు వేశారు, ఇల్లంతా గంటసేపు వెతికారు. అన్ని బండ్లు చూసి అల్లుడికి విసుగొచ్చి వెళ్లిపోయాడు. ఆ గంటసేపు రొవీనా మంచం కింద లేదు. వంటింట్లో నిలబడి, నెల తర్వాత మొదటిసారి, కడుపునిండా అన్నం తింది. అది తింటుంటే బేడీలతోనే చూస్తూ కూర్చున్నాను.

వెళ్తూ వెళ్తూ కాల్విన్ హెచ్చరించాడు. “ఇంకోసారి ఇలా అబద్ధం చెబితే మేము రాం టీచరమ్మా. పైగా కొత్త కేసు పెడతాం.”

విచారణకు ఇంకా వారం రోజులుంది. మధ్యలో ఒక ఆదివారం ఉంది. నా మాట ఇక నమ్మరు. అందుకని పాఠకులకు ఒక్క మనవి. మీలో ఎవరి మీదైనా పాత కేసుంటే దయచేసి ఆ ఆదివారం మధ్యాహ్నం వచ్చి మా వరండాలో కూర్చోండి. భోజనం పెడతాను. ఆయుధాలేమీ తేవద్దు, మీ మీద మీరే ఫిర్యాదు చేసుకోవడానికి ఫోన్ తెచ్చుకోండి చాలు. మీరుంటే మీకోసం పోలీసులొస్తారు. పోలీసులుంటే మా అమ్మాయి బతుకుతుంది.