దొరగారి కొత్త బామ్మర్ది

అదో పెద్ద అడవి. ఎంత పెద్దదంటే దానికో కచేరీ, కచేరీకో పులి దొర, దొర కింద బోలెడుమంది గుమాస్తాలూ ఉండేవారు. వాళ్లలో చిట్టెబ్బాయి అని ఓ నక్క. హెడ్డు గుమాస్తా ఎలుగుబంటి పింఛను పుచ్చుకుని వెళ్లిపోయాక, ఆ కుర్చీ మీద మనవాడి కన్నుపడింది. ఇరవైనాలుగ్గంటలూ అదే ధ్యాస, పాపం!

ఓ రోజు దొరసాని తమ్ముడు చిరుత కచేరీకొచ్చి, "ఏం బావా! పొట్ట ముందొచ్చేసింది, నువ్వెప్పుడొస్తావ్?" అన్నాడు. దొరగారు పడీపడీ నవ్వారు. ఆయన నవ్వారని అందరూ నవ్వారు.

"ఓస్, ఇంతేనా! దొరని నవ్విస్తే కుర్చీ మనదే" అనుకున్నాడు చిట్టెబ్బాయి. మర్నాడు అదే మాట, మర్యాద కూడా కలిపి అన్నాడు: "అయ్యగారూ, తమరి పొట్ట ముందొచ్చేసింది. తమరెప్పుడు వేంచేస్తారు?"

ఒక్కరు నవ్వితే ఒట్టు. దొరగారు వాణ్ణి బావి దగ్గర నీళ్లు తోడమన్నారు.

తోడుతూ తోడుతూ ఆలోచించాడు. మాట అదే, కచేరీ అదే, పొట్టా అదే. మరి తేడా ఎక్కడొచ్చింది? ఆఁ, చుట్టరికంలో!

ఆ సాయంత్రమే చలిమిడీ, పసుపుకుంకాలూ, రవికెలగుడ్డా పళ్లెంలో పెట్టుకుని దొరసాని గుమ్మంలో వాలాడు. "అక్కయ్యా! ఒక్క తమ్ముడేనా నీకు? నేను లేనూ?"

దొరసాని కరిగిపోయింది. "నా తండ్రే! ఏమండీ, మీకింకో బామ్మర్దొచ్చాడు!"

ఇక చూడాలి వాడి వైభోగం! "బావా, అవి మీసాలా, చీపురుపుల్లలా?" అంటే దొరగారు మెలికలు తిరిగిపోయేవారు. కానీ బామ్మర్దిని ఆటపట్టించే హక్కు బావకీ ఉందిగా! వాడి తోక కుర్చీకి కట్టేశారు. కూరలో కారం దిమ్మరించారు. "చచ్చాను బావోయ్!" అని వాడు గెంతులేస్తే కచేరీ అంతా గొల్లున నవ్వింది.

హెడ్డు గుమాస్తాని ఎంచే రోజొచ్చింది. చిట్టెబ్బాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బావగారూ, ఆ కుర్చీ నాకిప్పించండి. ఇక్కడ నాకు రాని పని లేదు."

దొరగారు బల్ల గుద్ది నవ్వారు. "నువ్వా! హెడ్డు గుమాస్తావా! చంపేస్తున్నావురా బామ్మర్దీ!"

"వేళాకోళం కాదు బావగారూ, నిజంగానే..."

"ఆ మొహం చూడండర్రా! ఎంత సీరియస్‌గా పెట్టాడో!"

కుర్చీ గాడిదకిచ్చారు. అది పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ నవ్వించిన పాపాన పోలేదు. చిట్టెబ్బాయికి దుఃఖం ఆగలేదు, భోరుమన్నాడు.

"వన్స్‌మోర్!" అన్నారు దొరగారు.

నీతి: ఉద్యోగం కావాలంటే దొరకి ఏ చుట్టమైనా కావచ్చు గానీ, బామ్మర్ది మాత్రం కాకూడదు.