మూడు కళ్ల ఫోను

లోకంలో ఎవరైనా కొత్త ఫోను కొంటే నలుగురికీ కనిపించేలా పట్టుకుని తిరుగుతారు. మంగళగిరి చీరల పానకాలు మాత్రం కొన్న పది నిమిషాలకే దానికి ముసుగు వేసే పనిలో పడ్డాడు.

పానకాలుకి పేటలో ‘అప్‌డేట్ పానకాలు’ అని పేరు. బాగానే తిరిగే మిక్సీ మార్చాడు, బాగానే నడిచే బండి మార్చాడు. ఒకసారి బాగానే ఉన్న వీధి తలుపు తాళం కూడా మార్చి, పెళ్లాంతో సహా రెండు గంటలు ఎండలో నిలబడ్డాడు. ఆ రోజే మల్లేశ్వరి అతని చేత ఒట్టు వేయించుకుంది. ఉన్నది పాడైతే తప్ప ఇంట్లోకి కొత్తది రాకూడదు.

ఒట్టు రెండేళ్లు నిలబడింది. ఈలోగా మార్టూరులో గ్రానైట్ పాలిష్ యూనిట్ నడిపే తోడల్లుడు సురేంద్ర కొత్త ఫోను తెచ్చి, సరదాకి పానకాలుని ఫొటో తీశాడు. అందులో పానకాలు బట్టతలకి కూడా పాలిష్ పట్టినట్టే ఉంది. ఆ పూట నుంచి పానకాలుకి అన్నం సయించలేదు.

“ఏమే, మన ఫోను పాతదైపోయింది.”

“పాడైందా?”

“పాడవలేదనుకో...”

“మోగుతోందా? ఫొటో పడుతోందా?”

“పడుతోందిలే. కానీ కొత్తదాంట్లో చంద్రుడి మీద గుంటలు కూడా కనబడతాయంట.”

“మనం చంద్రుడికి చీరలు అమ్ముతున్నామా?”

అక్కడితో చర్చ ముగిసింది. కోరిక మాత్రం ముగియలేదు.

ఆ ఇంట్లో ఫోనంటే మాట్లాడుకునే వస్తువు మాత్రమే కాదు. చుట్టుపక్కల పన్నెండు మగ్గాల మీద నేసిన చీరలు మల్లేశ్వరి వాట్సాప్ గ్రూపులోనే అమ్ముడుపోతాయి. ఆవిడ ఫోనులో కెమెరా పోయి రెండేళ్లయింది కాబట్టి ఫొటోలు తీయడం పానకాలు పని. అతను తీసి పంపుతాడు, ఆవిడ గ్రూపులో పెడుతుంది. ‘మల్లేశ్వరి ఏ రంగు చూపిస్తే పార్సిల్లో ఆ రంగే వస్తుంది’ అని దర్శి నుంచి తెనాలి దాకా ఆడవాళ్లందరికీ నమ్మకం. ఆ నమ్మకం మీదే పన్నెండు మగ్గాలూ ఆడుతున్నాయి. రంగు తేడా వచ్చిందని గ్రూపులో ఒక్కరు రాస్తే చాలు, పన్నెండు ఇళ్లలో పొయ్యి మీద ఎసరు ఆగిపోతుంది.

ఇదంతా తెలిసే పానకాలు కలీం సెల్ షాపుకి వెళ్లాడు. పాత ఫోను ఎక్స్ఛేంజిలో ఇచ్చేసి, వెనక మూడు కెమెరాలున్న సరికొత్త ఫోను తీసుకున్నాడు. తీసుకుని కౌంటరు మీదే అద్దం గార్డు అతికించి, టీ స్పూనుతో దాని కుడి మూల టక్కున కొట్టాడు.

కలీం గుండె మీద చెయ్యేసుకున్నాడు. “ఏందన్నా ఇది! కొత్త ఫోను గార్డు మీరే పగలగొట్టుకుంటారా?”

“పాతదానికి అక్కడే పగులుందిరా. మీ వదిన కళ్లు నీకు తెలీవు.”

తర్వాత పాత ఫోను తోలు కవరు తీసి కొత్తదానికి కష్టపడి తొడిగాడు. ఆ కవరుకి కెమెరా కోసం ఒకటే చిల్లు. మూడు కళ్లలో ఒక కన్ను చిల్లులోకి వచ్చేలా సర్ది, మిగతా రెంటినీ తోలు కిందే మూసేశాడు. తెర మీద పాత నరసింహస్వామి బొమ్మే పెట్టాడు. మోగితే గొంతు తేడా తెలుస్తుందని సైలెంట్‌లో పడేశాడు. చూపించుకోవడానికి కొన్న వస్తువు చివరికి ఎవరికీ కనిపించకుండా పోయింది. అయినా జేబులో అది ఉందన్న సంతోషంతోనే ఇల్లు చేరాడు.

పాత చార్జరు దీనికి పట్టదు. కొత్త చార్జరు ఇంట్లో కనిపిస్తే కొంప మునుగుతుంది. అందుకని రోజుకి రెండుసార్లు కొరియర్ ఆఫీసుకి వెళ్లి అక్కడి ప్లగ్గులో పెట్టుకునేవాడు.

“పార్సిలే లేదుగా, కొరియర్ ఆఫీసుకెందుకండీ?” అని మల్లేశ్వరి అడిగితే,

“పరిచయాలు నిలబెట్టుకోవాలే. వ్యాపారం అంటే అదే,” అనేవాడు.

ఎనిమిది రోజులు గడిచాయి. తొమ్మిదో రోజు కొరియర్ ఆఫీసులో ప్లగ్గు పక్కన బల్ల మీద కూర్చుని ఉండగా, ఫోను తెర మీద మల్లేశ్వరి పేరు వెలిగింది.

“దర్శి మాధవీలత గారు ఫోన్ చేశారండీ. కారులో బయల్దేరి వస్తున్నారంట, చిలకలూరిపేట దాటారు. ఇంకో మాట. ఆ ఇటుక రంగు చీరకి మీరు పంపిన ఫొటో ఉంది చూడండి, అందులో రంగుకీ చీర రంగుకీ పొంతనే లేదు. త్వరగా ఇంటికి రండి.”

మాధవీలత గారింట్లో శుక్రవారం పెళ్లి. ఆడపడుచులందరూ ఒకేలా కట్టుకోవాలని పదకొండు ఇటుక రంగు చీరలు చెప్పి నేయించుకున్నారు, మొన్ననే పార్సిల్ వెళ్లింది. గబగబా తను తీసిన ఫొటో తెరిచి చూశాడు. ఇటుక రంగు చీర కాస్తా అందులో పండుమిరప రంగులో భగభగలాడుతోంది. తీసిన రోజున ‘అబ్బ, ఏం కెమెరా!’ అని తనే మురిసిపోయాడు. ఇప్పుడు పదకొండు చీరలూ వెనక్కి వస్తే, ఆవిడ గ్రూపులో ఒక్క ముక్క రాస్తే? పన్నెండు మగ్గాలవాళ్లకి ఏం చెప్పాలి? అన్నిటికన్నా ముందు మల్లికి ఏం చెప్పాలి?

ఇంటికొచ్చేసరికి మల్లేశ్వరి వాకిట్లో మంచం మీద నమూనాకి ఉంచుకున్న ఇటుక రంగు చీర పరిచి, నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

“పన్నెండేళ్లలో రాని తేడా ఇప్పుడెందుకొచ్చిందండీ?”

“ఎండే. ఈ ఏడు ఎండ మరీ ఎర్రగా ఉంది.”

“ఎండ ఎర్రగా ఉందా?”

“మిరప కల్లాల మీంచి వస్తోందిగా.”

మల్లేశ్వరి నవ్వలేదు. అది చూసే అతనికి భయం వేసింది.

“సరే, ఇప్పుడే తేల్చేద్దాం. అదే చీర, అదే మంచం, అదే ఫోను. తీయండి మళ్లీ. తప్పు చీరదో ఫోనుదో తెలిసిపోద్ది.”

“ఇప్పుడా? ముందు మంచినీళ్లు తాగి...” అంటూ పానకాలు వంటింట్లోకి పరిగెత్తాడు. ఫొటో బాగా పడితే దొరికిపోతాడు. పాత ఫోనులా చప్పగా పడాలి. గూట్లో కొబ్బరినూనె సీసా కనిపించింది. రెండు చుక్కలు వేలికి తీసుకుని, ఇంట్లోకెల్లా ఖరీదైన వస్తువు కంటికి పసిపిల్లకి కాటుక పెట్టినంత శ్రద్ధగా రాశాడు.

వాకిట్లోకి వచ్చి గురి చూశాడు. తెర మీద పెద్ద అక్షరాలు వచ్చాయి. ‘లెన్స్‌కి మరక ఉంది, తుడవండి.’

“ఏవండోయ్, మన ఫోనుకి తెలుగెప్పుడొచ్చింది?” మల్లేశ్వరి భుజం మీదుగా తొంగి చూసింది.

“అప్‌డేట్... అదే అప్‌డేట్ అయ్యుంటది.”

ఆ అక్షరాలు పోతాయేమోనని ఇంకాస్త దగ్గరకి జరిగాడు. తెలివిగల ఫోను కదా, దగ్గరి వస్తువుకి వేరే కన్ను వాడాలని దానంతటదే రెండో కెమెరాకి మారింది. ఆ కెమెరా తోలు కింద ఉంది. తెరంతా కటిక నలుపు.

“నల్లచీర మనం నేయలేదే,” అంది మల్లేశ్వరి శాంతంగా.

పానకాలు గబుక్కున ఫోను దించేశాడు. ఈలోగా ఆవిడ ఫోను మోగింది. “గుంటూరు దాటారా? రండి రండి, ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం,” అని చెప్పి పెట్టేసింది. తర్వాత పీట వేసుకుని ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీయడం మొదలుపెట్టింది. పానకాలు ఆ అరగంటా వీధి గుమ్మానికీ మంచానికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. కారు హారను వినిపించినప్పుడల్లా ఆగి వీధిలోకి తొంగి చూశాడు.

చివరికి తెల్ల కారు గుమ్మం ముందు ఆగింది. మాధవీలత గారు దిగారు, చేతిలో పెద్ద సంచీ. ఆవిడ చెప్పులు విప్పేలోపే పానకాలు ఎదురెళ్లి రెండు చేతులూ జోడించేశాడు.

“అమ్మా, తప్పు మల్లేశ్వరిది కాదు, నేసినవాళ్లదీ కాదు. నాదే! ఒట్టేసి కూడా దొంగచాటుగా కొత్త ఫోను కొన్నాను. పాతదాని ముసుగేసి తిప్పాను. రంగులు ఎక్కువ చూపించింది ఈ దరిద్రపు ఫోనే. చీరలు వెనక్కి తీసుకుంటాం. గ్రూపులో మాత్రం రాయొద్దమ్మా, మా ఆవిడ పన్నెండేళ్ల పేరమ్మా అది!”

కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి.

మాధవీలత గారు అయోమయంగా మల్లేశ్వరి వంక చూశారు. “చీరలు వెనక్కివ్వడమేంటి అన్నయ్యగారూ? ఇవి శుభలేఖా, పసుపు కుంకాలూను. చీరలు ఫొటోలో ఎలా ఉన్నాయో అచ్చం అలాగే వచ్చాయి. మా అత్తగారి తరఫువాళ్లు కూడా ముచ్చటపడ్డారు, ఇంకో నాలుగు దొరుకుతాయేమోనని వచ్చాను.” అంటూ తన ఫోనులో గ్రూపు తెరిచి ఆ ఫొటో చూపించారు. అందులో చీర ఇటుక రంగులోనే నిక్షేపంగా ఉంది.

అది పానకాలు తీసిన ఫొటో కాదు.

మల్లేశ్వరి చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి, లోపలికెళ్లి బీరువా తీసి, మూల పగిలిన పాత ఫోను తెచ్చి మంచం మీద పెట్టింది.

“మీరు కొన్న సాయంత్రమే కలీం ఫోన్ చేశాడు. పాతదాన్ని రీసెట్ చేస్తే జీమెయిల్ పాస్‌వర్డ్ అడిగిందంట. ఆ పాస్‌వర్డ్ పెట్టింది నేనేగా.”

“నాకు చెయ్యొచ్చుగా వాడు!”

“నాలుగుసార్లు చేశాడంట. మీరు సైలెంట్‌లో పెట్టారు. అప్పుడు షాపులో ఉన్న మన చీరల సంచీ మీద నా నంబరు చూసి నాకు చేశాడు. వాళ్లావిడ షమాకి ఓ మామిడిచిగురు చీర ఇచ్చి ఫోను తెచ్చుకున్నా. మీరు పంపిన ఫొటోలు చూసి నాకే కళ్లు బైర్లు కమ్మాయి. వాటిని పక్కన పడేసి, నేనే దీంతో తీసి గ్రూపులో పెట్టా.”

“మరి పొంతన లేదన్నావు! ఆవిడ వస్తున్నారన్నావు!”

“పొంతన లేనిదీ నిజమే, ఆవిడ వచ్చిందీ నిజమే. రెంటినీ కలిపి కుట్టుకుంది మీరు.”

మాధవీలత గారు నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నారు. “ఇంతకీ కొత్త ఫోను బాగుంటుందా అన్నయ్యగారూ? మావాడూ కొనమని ప్రాణాలు తీస్తున్నాడు.”

పానకాలు నోరు తెరిచాడు. భార్య వైపు చూసి మూసేశాడు.

“నేను చెప్తా,” అంది మల్లేశ్వరి. కొత్త ఫోను అందుకుని, పగిలిన గార్డు పీకేసింది, కవరు ఊడదీసింది. కొంగుతో నూనె తుడిచింది. మూడు కళ్లూ ఒక్కసారి బయటపడ్డాయి. “ఉన్నదానికన్నా రంగు ఎక్కువ చూపిస్తది. చీరకి పనికిరాదు. చీరలకి పాతదే, అది ఆయన దగ్గరుంటది. ఇది నాకు.”

“నీకెందుకే?” పానకాలు గొంతు పీలగా వచ్చింది.

“నా ఫోను కెమెరా పోయి రెండేళ్లయింది. ఒక్కసారైనా అడిగారా, నీకూ ఒకటి కొననా అని?”

పానకాలు తల దించుకున్నాడు. అతనికి నిజంగా సిగ్గేసింది.

మల్లేశ్వరి కొప్పు సర్దుకుని మంచం అంచున కూర్చుని, ఫోను అతని చేతికిచ్చింది. “తీయండి. రంగు పెంచే ఫోను చీరకి నష్టం గానీ, మనిషికి నష్టమేముంది?”

పానకాలు తీశాడు. తెర వంక చూసి, ఇంకాసేపు చూసి, నెమ్మదిగా అన్నాడు. “ఇది రంగేం పెంచలేదే మల్లీ. ఉన్నదే పడింది.”

మల్లేశ్వరి ఫోను లాక్కుని జాకెట్లో దోపుకుంది.

“విన్నారా మాధవీలత గారూ? పాత ఫోను ఉన్నన్నాళ్లూ ఒక్కసారీ రాని మాట. కొనిపెట్టండి మీవాడికి, కోడలైనా సుఖపడుద్ది.”