నాలుగువేల నూట పన్నెండు అంతరాయాలు

జాతీయ మౌఖిక సంపద పరిరక్షణ సంఘం వారు సంతోషంతో ప్రకటించినదేమనగా: కీర్తిశేషులు సెరిబా సుమానోగారు చెప్పిన వంశగాథ నుంచి నాలుగువేల నూట పన్నెండు అంతరాయాలు విజయవంతంగా తొలగించబడినవి.

ఆ అంతరాయాల పేరు బిరామా సుమానో. సెరిబా కొడుకు. పశ్చిమాఫ్రికాలో, మాందే దేశంలోని కీతా దగ్గర ఒక చిన్న ఊళ్ళో బడిపంతులు.

మాందే దేశంలో గాథ ఒక్క నోటితో నడవదు. చెప్పేవాడు ఒక ముక్క అంటాడు. ఎదురుగా కూర్చున్నవాడు "నాము" అని ఊ కొడతాడు. అప్పుడే రెండో ముక్క. "అబద్ధానికి నేనొక్కణ్ణి చాలురా, నిజానికి ఇద్దరం కావాలి" అనేవాడు సెరిబా. ఆ రెండోవాడిగా బిరామా ఇరవై ఆరేళ్ళు కూర్చున్నాడు.

పోయిన వానాకాలం సంఘం వారి జీపు వచ్చి గాథను టేపుకెక్కించుకుని రాజధానికి తీసుకెళ్ళింది. ఆఫ్రికా సంప్రదాయంలో పారిస్ పట్టా పుచ్చుకున్న నిపుణులు దాన్ని శ్రద్ధగా విన్నారు. ఎవరో ఒక వ్యక్తి పెద్దాయనకు మాటిమాటికీ అడ్డు తగులుతున్నాడనీ, పెద్దాయన మర్యాదస్తుడు గనక ప్రతిసారీ ఆగుతున్నాడనీ గుర్తించారు. కత్తెర తీసుకున్నారు.

ఈలోగా సెరిబా పోయాడు.

సుమానోల ఇంట్లో ఒక ఆచారం ఉంది. నలభయ్యో రోజున పోయినవాడి గాథ ఒకసారి వినిపించాలి. కొడుకు ఆఖరిసారి నాము అనాలి. అప్పుడు గానీ తండ్రిని సాగనంపినట్టు కాదు. సెరిబా గాథను సెరిబాలా చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు. అందుకని ఆ టేపు తెచ్చి వినిపించమని బిరామా సంఘానికి మూడు ఉత్తరాలు రాశాడు. ఏం రాసినా అక్షరదోషాలు లేకుండా రాశాడు.

సంఘం దయతలిచింది. డైరెక్టరుగారే వచ్చారు. తల్లిభాష గొప్పదనం మీద గంటసేపు ఫ్రెంచిలో మాట్లాడారు. "వృద్ధుల పెదవుల మీద మన ఆత్మ నివసిస్తోంది! ఆ పెదవులకు మనం చెవులమవుదాం!" అన్నారు. ఊరివాళ్ళకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. గౌరవంగా చప్పట్లు కొట్టారు.

టేపు తిరిగింది. సెరిబా గొంతు లౌడ్ స్పీకరు లోంచి వచ్చింది. బిరామా వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. మొదటి ముక్క అయింది. అతను నోరు తెరిచేసరికి తండ్రి మూడో ముక్కలో ఉన్నాడు.

"ఏరా బిరామా, మీ నాన్నకి ఇంత తొందరేంట్రా?" అంది మేనత్త సనుంబా. "బతికున్నన్నాళ్ళూ అన్నానికి పిలిస్తేనే గంటకి లేచేవాడు. చచ్చాక పరిగెడుతున్నాడేం?"

"ఊపిరి తీసుకోవడం లేదత్తా."

"చచ్చినోడికి ఊపిరెందుకులే. నువ్వు మాత్రం నాము అను, వాడు వెళ్ళాలి కదా."

"నాము" అన్నాడు బిరామా. అది ఎక్కడా ఆనలేదు. మళ్ళీ అన్నాడు.

"ష్! పంతులుగారూ," అన్నారు డైరెక్టరుగారు. "సంప్రదాయం వింటున్నాం. దయచేసి మధ్యలో మాట్లాడకండి."

ఎప్పుడూ మూడు దఫాల టీ తాగేదాకా సాగే గాథ, ఆ రోజు మూడో దఫా పొంగకముందే అయిపోయింది.

వైర్లు చుట్టుకుంటున్న సంఘం వారి టేపు మనిషి ద్రామాన్‌ను బిరామా మెల్లగా అడిగాడు: "బాబూ, కత్తిరించిన ముక్కలు ఏం చేశారు?"

"పారేస్తామా అండీ, సర్కారు సొత్తు! అన్నీ అతికించి ఒక చుట్ట చేశాం. 'వ్యర్థం' అని రాసిపెట్టాం. మంత్రిగారి ఆఫీసువాళ్ళు మనసుపడి పట్టుకెళ్ళారు."

ఎందుకు మనసుపడ్డారో ఆ శుక్రవారం సాయంత్రం రేడియోలో తెలిసింది.

"ఈ ఏటి వానలు మా ప్రభుత్వ కృషి ఫలితం" అన్నారు మంత్రిగారు. "నాము" అంది బిరామా గొంతు.

"ఆకలి అనే మాటను మన ప్రజలు మరిచిపోయారు." "నాము."

బిరామా తలవంచుకుని రేడియో కట్టెయ్యబోయాడు.

"ఉండరా!" అని సనుంబా అతని చెయ్యి పట్టుకుంది. "నీ నాము వెనకాల ఏదో ఉంది, విను."

నిపుణుల కత్తెర అంత సన్నంగా కొయ్యలేదు. ప్రతి నాము తోకకీ ఒక ఊపిరి అతుక్కుని ఉండిపోయింది. తరువాతి ముక్క ఎత్తుకోబోయే ముందు సెరిబా గుండెల్లోకి లాగే ఊపిరి.

అప్పటినుంచీ మంత్రివర్యుల ప్రసంగాన్ని ఆసాంతం, చీమ చిటుక్కుమనకుండా వినే ఊరు దేశం మొత్తంలో అదొక్కటే. సంఘం వారు ఉత్తమ శ్రోతల పత్రం కూడా పంపారు. దాన్ని బళ్ళో గోడకు తగిలించారు.

ప్రతి శుక్రవారం ఊరంతా రేడియో చుట్టూ చేరుతుంది. కొడుకు నాము అంటాడు. తండ్రి ఊపిరి తీసుకుంటాడు. అందరూ ముందుకు వంగుతారు.

మాట్లాడేది మంత్రిగారు.