ఒక్క తిట్టు కోసం

ఆ పళ్ళ డాక్టరుకి ఆదివారం వచ్చిందంటే పళ్ళు కనబడవు, ఫ్రేములే కనబడతాయి. సరదాకి సినిమాలు తీసే క్లబ్బుకి ఆయనే డైరెక్టరు మరి! "యాక్షన్" అనాల్సిన చోట అలవాటు కొద్దీ "నోరు తెరవండి" అనేస్తాడు. అందుకే క్లబ్బులో ఆయన పేరు నోరెక్టరు గారు.

ఈసారి సినిమాకి ప్రాణమంతా ఒక్క సీనులో ఉంది. గయ్యాళి భార్య మొగుణ్ణి ఉతికి ఆరెయ్యాలి. ఆ వేషం వేస్తున్న లైబ్రేరియనుకేమో గొంతు పెగలదు. "నీ మొహం మండా" అన్న మాటని "మీ పుస్తకం గడువు దాటింది" అన్నంత మర్యాదగా అంటుంది.

"ఆదివారానికి ఈ సీను రాకపోతే డైరెక్షను నేను చూసుకుంటా," అన్నాడు కెమెరా పట్టే ఫోటో స్టూడియో ఆయన. డైరెక్టరు కుర్చీ మీద ఆయన కన్ను ఎప్పట్నుంచో ఉంది.

నోరెక్టరు ధీమాగా నవ్వాడు. "ఇంట్లో గని పెట్టుకుని వీధిలో గులకరాళ్ళేరుతున్నాను. మా ఆవిడ నోరు విప్పితే మైకులు దండగ. అడిగితే చెయ్యదు. అడక్కుండా తీసేస్తా!"

మర్నాడు పొద్దున్నే చిన్న కెమెరా ఒకటి వంటింటి అలమరలో డబ్బాల మధ్య దాచి, చొక్కా సర్దుకుని రంగంలోకి దిగాడు.

"ఇది కాఫీయా, గిన్నెలు కడిగిన నీళ్ళా?"

"అయ్యో, చల్లారిందాండీ? వేడిగా ఇంకోటి కలిపిస్తా."

డాక్టరు ఉలిక్కిపడ్డాడు. తేరుకుని మళ్ళీ విసిరాడు.

"రాత్రి కూర నోట్లో పెట్టేలా లేదు!"

"రేపట్నుంచి మీరెలా చెప్తే అలా చేస్తాను."

ఇక బ్రహ్మాస్త్రమే. "మీ తమ్ముడంత దద్దమ్మని నేనెక్కడా చూళ్ళేదు!"

"నిజమేనండీ. మీ దగ్గరుంటే బాగుపడతాడని రమ్మన్నాను. నెల్లాళ్ళుంటాడు."

డాక్టరుకి ముచ్చెమటలు పోశాయి. "ఏమేవ్, ఒంట్లో బాగాలేదా? ఎందుకు తిట్టవు?"

"మిమ్మల్నా? దేవుడిలాంటి మొగుణ్ణి!"

అంతే, ఆయనకి పూనకం వచ్చింది. "తువ్వాలు మంచమ్మీద వేస్తే తిట్టావు! వెయ్యకపోతే ఎక్కడ పారేశారని తిట్టావు! తీరా నాక్కావలసిన రోజున ఒక్క తిట్టు, ఒకే ఒక్క తిట్టు..." అంటూ గెంతి అలమరని ఒక్క గుద్దు గుద్దాడు. పైనున్న పిండి డబ్బా మూత ఊడి నెత్తిన బోర్లాపడింది.

సున్నం కొట్టిన గోడలా నిలబడ్డ మొగుణ్ణి ఆవిడ తాపీగా చూసింది.

"కాస్త ఇటు తిరిగి అరవండి. మొహం మీద వెలుతురు పడ్డం లేదు."

"తె... తెలిసిపోయిందా?"

"నా డబ్బాల్లో కొత్త డబ్బా చేరితే నాకు తెలీదా? కట్!"

కెమెరా ఆపి, శుభ్రంగా తుడిచి, హ్యాండుబ్యాగులో వేసుకుంది.

సాయంత్రానికల్లా ఆ వంటింటి భాగోతం క్లబ్బు తెర మీదుంది. స్టూడియో ఆయన పొట్ట పట్టుకుని కుర్చీలోంచి జారాడు. గొంతు పెగలని లైబ్రేరియను కిటికీలదిరేలా నవ్వింది. గయ్యాళి భార్య కథ కాస్తా అక్కడికక్కడే గయ్యాళి మొగుడి కథయింది. ఇంతటి నటన రాబట్టిన మనిషిని వదులుకోకూడదని అందరూ కలిసి డైరెక్టరు కుర్చీ ఆవిడకే వేశారు.

ఆదివారం షూటింగులో మొహాన పౌడరద్దుకున్న కొత్త హీరో బుర్ర గోక్కుంటూ ఆవిడ దగ్గరకొచ్చాడు.

"ఈ సీనులో నా డైలాగేమిటోయ్?"

"అలాగే."

"అలాగే అంటే?"

"అదే మీ డైలాగు. నేనేం చెప్పినా అనాలి."

నోరెక్టరు ఒక్క క్షణం నోరు తెరిచి, మూసి, తలొంచుకున్నాడు.

"అలాగే."

"చూశారా," అంది ఆవిడ అందరివైపూ తిరిగి, "ఒక్క టేకులో ఓకే!"